ప్రాధాన్య ఓటు పాఠం ఓటరుకు చేరిందా? బ్యాలెట్ కాగితమే చెప్పాలి

2021 జూన్ 22న న్యూయార్క్ నగర మేయర్ పదవికి డెమోక్రాటిక్ పార్టీ ప్రైమరీ, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ఎన్నిక, జరిగింది. బరిలో 13 మంది ఉన్నారు. ఒక్కరికే ఓటు వేసి ఊరుకోకుండా, ఇష్టాన్ని బట్టి ఐదుగురి దాకా వరుస పెట్టుకునే ర్యాంక్డ్ చాయిస్ ఓటింగ్‌ను ఆ నగరం మేయర్ ఎన్నికలో వాడడం అదే మొదటిసారి. లెక్కింపులో చివరిదైన ఎనిమిదో రౌండ్లో ఎరిక్ ఆడమ్స్‌కు 4,04,513, క్యాథరిన్ గార్సియాకు 3,97,316 ఓట్లు వచ్చాయి. తేడా 7,197. ఆ రౌండ్‌కు వచ్చేసరికి ఇద్దరిలో ఎవరి ఖాతాలోనూ లేకుండా మధ్యలో ఆగిపోయిన బ్యాలెట్లు మాత్రం దాదాపు 1,40,000. పోలైన ప్రతి వంద ఓట్లలో సుమారు 15.

ఈ లక్షా నలభై వేల మందిలో ఎందరు తెలిసే అక్కడితో ఆగారు? ఎందరు ఐదు స్థానాలూ నింపాక, ఆ ఐదుగురూ ఎలిమినేట్ అయిపోవడంతో మిగిలిపోయారు? రెండో పేరు పెడితే మొదటి పేరుకు దెబ్బ అనుకొని ఒక్కరితో సరిపెట్టినవాళ్లు ఎందరు? మొదటిది ఓటరు ఇష్టం. రెండోది ఐదు గడులే ఇచ్చిన బ్యాలెట్ పరిమితి. మూడోది మాత్రమే ఓటరు అవగాహన కార్యక్రమం వైఫల్యం. అవగాహన కార్యక్రమం ఎలా సాగిందో అంచనా కట్టే నివేదికల్లో చాలాసార్లు ఈ మూడూ ఒకే అంకెలో కలిసిపోతాయి. అలా కలిసిపోయిన అంకెను చూసి ఒక వర్గం విధానాన్నే తప్పుపడుతుంది, మరో వర్గం అంతా బాగుందంటుంది. వచ్చే ఎన్నికకు ఏం మార్చాలో మాత్రం ఎవరికీ తెలియదు.

విధానం గురించి రెండు మాటలు. ఓటరు మొదటి, రెండో, మూడో ప్రాధాన్యాలు గుర్తిస్తాడు. మొదటి ప్రాధాన్య ఓట్లలో ఎవరికీ సగం దాటకపోతే అందరికన్నా తక్కువ వచ్చినవారిని తప్పించి, వారి బ్యాలెట్లను వాటి మీది తర్వాతి పేరుకు బదిలీ చేస్తారు. ఇద్దరు మిగిలేదాకా, లేదా ఒకరు సగం దాటేదాకా ఇదే వరుస. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల లెక్కింపు చూసినవారికి ఇది కొత్తేమీ కాదు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో 2004 నుంచి, మినియాపొలిస్ 2009 నుంచి, ఓక్లాండ్ 2010 నుంచి, ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ 2024 నుంచి నగర ఎన్నికల్లో దీన్ని వాడుతున్నాయి.

కరపత్రాల లెక్క, ముఖాముఖి సర్వే

కొత్త విధానం వచ్చిన ఏ నగరంలోనైనా ఎన్నిక ముగియగానే వెలువడే నివేదికలో మొదట కనిపించేవి పంచిన కరపత్రాలు, పెట్టిన సమావేశాలు, వీడియో చూసినవారి సంఖ్య, ఎన్ని భాషల్లో అనువాదం చేశారన్న వివరం. ఇవి డబ్బు ఎటు పోయిందో చెప్పే లెక్కలు. ఓటరుకు ఏం అర్థమైందో వీటిలో ఉండదు.

తర్వాత వచ్చేది పోలింగ్ కేంద్రం బయట చేసిన సర్వే. 2021 న్యూయార్క్ ప్రైమరీలో ఎడిసన్ రీసెర్చ్ అనే సర్వే సంస్థ 1,662 మంది ఓటర్లను అడిగింది. బ్యాలెట్ నింపడం తేలికగానే ఉందని 95 శాతం, విధానం చాలా బాగా లేదా పూర్తిగా అర్థమైందని 78 శాతం చెప్పారు. ఈ అంకెలు అబద్ధం కావు. కానీ వీటిని చదివేటప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. ఆ సర్వే చేయించింది ఈ విధానం కోసం ప్రచారం చేసిన సంస్థలే. సర్వేకు దొరికింది ఓటు వేసి బయటికి వచ్చినవారు. గందరగోళమని ఇంట్లోనే ఉండిపోయినవారు అందులో లేరు. ఇక అసలైనది మూడోది. తప్పుగా నింపిన ఓటరుకు తను తప్పు చేశానని తెలియదు. మొదటి వరుసలో ముగ్గురికి గుర్తు పెట్టినవారిని అడిగినా తేలికగానే ఉందనే చెబుతారు. పరీక్ష రాసిన పిల్లవాడిని బాగా రాశావా అని అడిగి మార్కులు వేసినట్టు ఉంటుంది.

అందుకే అభిప్రాయం అడిగే ప్రశ్నల చోట జ్ఞానాన్ని పరీక్షించే ప్రశ్నలు రావాలి. నాలుగైదు చాలు. ఒక్కరికే గుర్తు పెట్టి మిగతావి ఖాళీగా వదిలితే ఓటు చెల్లుతుందా? రెండో ప్రాధాన్యం ఇంకొకరికి ఇస్తే మొదటివారి గెలుపు అవకాశం తగ్గుతుందా? ఒకే అభ్యర్థికి ఐదు వరుసల్లోనూ గుర్తు పెడితే బలం పెరుగుతుందా? అస్సలు గిట్టని అభ్యర్థిని చివరి ర్యాంకులో పెట్టాలా, అసలు గుర్తించకుండా వదిలేయాలా? జవాబులు వరుసగా చెల్లుతుంది, తగ్గదు, పెరగదు, వదిలేయాలి. ఈ చివరి ప్రశ్న చాలా కార్యక్రమాల్లో తప్పిపోతుంది. ఐదో ర్యాంకు ఇవ్వడమంటే వ్యతిరేకించడం కాదు. పై నలుగురూ తప్పుకుంటే ఆ ఐదో మనిషికే ఓటు పడుతుంది. ఇది తెలియక గుర్తించిన ఐదో ర్యాంకు, ఓటరు మనసుకు సరిగ్గా ఎదురు తిరిగిన ఓటు. అది ఏ చెల్లని ఓట్ల పట్టికలోనూ కనబడదు. పట్టుకోవడానికి సర్వే ఒక్కటే దారి.

ఈ ప్రశ్నలను ఎన్నిక అయ్యాక ఒక్కసారి అడిగినా సరిపోదు. ప్రచారం మొదలుకాకముందు ఒకసారి, ముందస్తు పోలింగ్‌కు వారం ముందు ఒకసారి, పోలింగ్ ముగిశాక ఇంకోసారి అడగాలి. మొదటిది లేకపోతే మిగతా రెండూ దేనితో పోల్చాలో తెలియని అంకెలుగా మిగులుతాయి.

ఐదు బ్యాలెట్లు, దగ్గరి నుంచి

అసలు సాక్ష్యం బ్యాలెట్ మీదే ఉంది. అమెరికా నగరాల్లో బ్యాలెట్ ఒకప్పటి ఎంసెట్ ఓఎంఆర్ పత్రంలా ఉంటుంది. అడ్డంగా అభ్యర్థుల పేర్లు, నిలువుగా మొదటి, రెండో, మూడో ప్రాధాన్యాల వరుసలు. కావలసిన చోట వృత్తం నింపాలి. స్కానర్ ప్రతి కాగితాన్నీ చదివి, ఏ వృత్తం నిండిందో ఒక్కో బ్యాలెట్‌కు ఒక్కో వరుసగా దాస్తుంది. దీన్నే క్యాస్ట్ వోట్ రికార్డు అంటారు. పేరు ఉండదు, బూత్ వివరం మాత్రం ఉంటుంది. అవగాహన కార్యక్రమాన్ని కొలవడానికి ఇంతకు మించిన ఆధారం లేదు.

క, గ, చ, ట, త అని ఐదుగురు అభ్యర్థులు ఉన్నారనుకుందాం. ఒక బ్యాలెట్‌లో ‘క’కు మొదటి ప్రాధాన్యం ఇచ్చి మిగతావి ఖాళీగా వదిలారు. ఇది తప్పు కాదు, తప్పుల ఖాతాలో వేయకూడదు.

రెండో బ్యాలెట్‌లో ‘క’ ఎదురుగా ఐదు వృత్తాలూ నింపేశారు. ఇలా చేస్తే బలం ఐదింతలు అవుతుందన్న నమ్మకం దీని వెనుక ఉంటుంది. లెక్కింపులో ఇది ఒక్క ఓటే. ‘క’ తప్పుకోగానే ఆగిపోతుంది. బ్యాలెట్ చెల్లింది కాబట్టి చెల్లని ఓట్ల పట్టికకు ఎక్కదు. పాఠం చేరలేదన్నది మాత్రం ఇంతకన్నా స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు.

మూడో బ్యాలెట్‌లో మొదటి ప్రాధాన్యం వరుసలోనే క, గ, చ ముగ్గురికీ నింపారు. దీన్ని ఓవర్‌వోట్ అంటారు. న్యూయార్క్ నిబంధనల ప్రకారం ఆ పోటీకి సంబంధించి ఆ బ్యాలెట్ అక్కడికక్కడే ఆగిపోతుంది. ‘ఐదుగురి దాకా ఎంచుకోవచ్చు’ అన్న ఒక్క ముక్కే విని, వరుసకు ఒక్కరే అన్న రెండో ముక్క వినకపోతే జరిగేది ఇదే. పోస్టర్‌లో మొదటి వాక్యం పెద్ద అక్షరాల్లో, రెండోది చిన్న అక్షరాల్లో ఉంటే ఈ తప్పు పెరుగుతుంది.

నాలుగోదానిలో మొదటి వరుస ఖాళీగా ఉంది, రెండో వరుసలో ‘గ’ ఉంది. న్యూయార్క్‌లోనూ శాన్‌ఫ్రాన్సిస్కోలోనూ ఖాళీని దాటి ‘గ’నే మొదటి పేరుగా తీసుకుంటారు. ఓటుకు నష్టం లేదు.

ఐదోది అన్నిటికన్నా దొంగచాటుది. మొదటి వరుసలో ‘క’ ఒక్కటే ఉంది. రెండో వరుసలో గ, చ ఇద్దరూ ఉన్నారు. ‘క’ బరిలో ఉన్నంతసేపూ ఈ ఓటు నిక్షేపంగా ఉంటుంది. ‘క’ తప్పుకున్న రౌండ్లో బ్యాలెట్ ఆగిపోతుంది. మొదటి రౌండ్ ఓవర్‌వోట్లను మాత్రమే లెక్కగట్టే నివేదికకు ఇది చిక్కదు. మొత్తం ఆగిపోయిన ఓట్లను లెక్కగట్టే నివేదికలో ఇది స్వచ్ఛందంగా ఆగినవాటితో కలిసిపోతుంది. అందుకే ప్రతి వరుసలోని గుర్తులనూ విడివిడిగా చూడాలి.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలాంటి దాదాపు 30 లక్షల రికార్డులను పరిశీలించి 2023లో ఫలితాలు చెప్పారు. ర్యాంకు బ్యాలెట్లలో సుమారు 4.8 శాతం మీద ఏదో ఒక రకం పొరపాటు గుర్తు ఉంది. అంటే ఇరవై మందిలో ఒకరు. వీటిలో ఎక్కువ భాగం ఓటును చంపేవి కావు. పొరపాటు గుర్తు వల్ల పూర్తిగా లెక్కకు రానివి ఒక శాతంలోపే. కానీ మామూలు పోటీల్లో అదే కారణంతో పోయే ఓట్లతో పోలిస్తే అది దాదాపు పది రెట్లు. ఈ రెండు మాటలూ నిజాలే. విధానాన్ని కోరేవాళ్లు మొదటిదాన్ని, వద్దనేవాళ్లు రెండోదాన్ని చెబుతుంటారు. అంచనా కట్టేవారు రెంటినీ పక్కపక్కనే పెట్టాలి.

సగటు వెనుక ఇంకో సంగతి దాగి ఉంటుంది. ఈ పరిశోధనలోనూ, అంతకుముందు శాన్‌ఫ్రాన్సిస్కో మీద జరిగిన వాటిలోనూ ఓవర్‌వోట్లు నగరమంతటా సమానంగా పరుచుకుని లేవు. అల్పసంఖ్యాక వర్గాలు ఎక్కువగా ఉన్న బూత్‌లలో ఎక్కువ కనిపించాయి. కాబట్టి నగర సగటు 1 శాతం నుంచి 0.8కి తగ్గిందన్న వార్త, తగ్గింది ముందే బాగున్న వాడల్లో అయితే శుభవార్త కాదు. ఎక్కువ తప్పులున్న పదో వంతు బూత్‌లలో ఏం జరిగిందన్నదే అసలు కొలత.

దేనితో పోల్చాలి

తప్పుల శాతం ఒక్కటే ఉంటే చాలదు, పక్కన పోలిక కావాలి. న్యూయార్క్‌లో దానికి రెండు మంచి అవకాశాలు వాటంతటవే దొరికాయి.

మొదటిది నగరంలోని మన్‌హాటన్‌లో డిస్ట్రిక్ట్ అటార్నీ, అంటే ప్రభుత్వ ప్రాసిక్యూటర్ పదవికి జరిగిన పోటీ. అది నగర చట్టం పరిధిలోకి రాదు కాబట్టి 2021 జూన్‌లో పాత పద్ధతిలోనే, ఒక్కరికే ఓటు వేసేలా జరిగింది. అంటే అదే ఓటరు, అదే రోజు, అదే బూత్‌లో రెండు పద్ధతులూ వాడాడు. చదువు, వయసు, భాష, కంటిచూపు అన్నీ ఒక్కటే. రెండు పోటీల్లో ఓవర్‌వోట్ల తేడాను ఎక్కువగా పద్ధతికే చెప్పుకోవచ్చు. వేరే నగరంతోనో పదేళ్ల కిందటి ఎన్నికతోనో పోల్చడం కన్నా ఇది ఎంతో గట్టి పోలిక.

రెండోది ఆ ఏడాది ఫిబ్రవరి, మార్చి నెలల్లో నగర కౌన్సిల్‌కు జరిగిన ఉప ఎన్నికలు. నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో 24, 31 డిస్ట్రిక్టులు, బ్రాంక్స్ ప్రాంతంలో 11, 15 డిస్ట్రిక్టుల ఓటర్లు జూన్‌కు ముందే ఒకసారి ర్యాంకు బ్యాలెట్ నింపారు. ఆ నాలుగు చోట్ల జూన్‌లో తప్పులెన్ని, వాటిని పోలిన పొరుగు డిస్ట్రిక్టుల్లో ఎన్ని అని చూస్తే అనుభవం ఎంత నేర్పుతుందో, కరపత్రం ఎంత నేర్పుతుందో వేరు చేయవచ్చు. ఉప ఎన్నికలకు వచ్చేది కొద్దిమందే, వాళ్లూ రాజకీయాలు బాగా పట్టించుకునేవాళ్లు. కాబట్టి ఈ పోలికను ఆచితూచి చదవాలి.

ముందే ప్రణాళిక వేసుకునే నగరానికి ఇంకా మంచి దారి ఉంది. నమూనా బ్యాలెట్‌ను తపాలాలో అందరికీ ఒకేసారి పంపకుండా, బూత్‌లను లాటరీ తీసి సగం బూత్‌ల పరిధిలో రెండుసార్లు, మిగతా సగంలో ఒకసారి పంపాలి. ఎవరికీ అన్యాయం జరగదు, అందరికీ ఒకసారైనా అందుతుంది. ఆ తర్వాత రెండు గుంపుల బూత్‌లలో తప్పులను పోల్చాలి. ఓటు రహస్యం కాబట్టి మనిషి స్థాయిలో తప్పును కొలవలేరు, బూత్ స్థాయిలోనే కొలవాలి. ఓటు వేశారా లేదా అన్నది మాత్రం అమెరికాలో బహిరంగ రికార్డు. పోలింగ్ శాతం మీద ప్రభావాన్ని ఇంటింటి స్థాయిలోనే చూడవచ్చు.

ఇక్కడ చాలా అధ్యయనాలు తప్పటడుగు వేసేది సంఖ్య దగ్గర. తప్పులు 1 శాతం నుంచి 0.7 శాతానికి తగ్గాయని నమ్మకంగా చెప్పాలంటే ఒక్కో గుంపులో దాదాపు 15 వేల బ్యాలెట్లు కావాలి. ఒకే బూత్‌లోని ఓటర్లు ఒకరినొకరు పోలి ఉంటారు కాబట్టి బూత్‌ల వారీగా పంచితే ఇంకా ఎక్కువ కావాలి. ఇరవై బూత్‌లు తీసుకుని తేడా కనిపించలేదు గనుక ప్రచారం దండగ అని తేల్చడం తప్పు. అంత చిన్న తేడాను చూపే శక్తే ఆ కొలతకు లేదు.

పోలింగ్ కేంద్రంలో వేసిన ఓట్లను, తపాలాలో వచ్చిన వాటిని విడదీయడం మరచిపోకూడదు. ఓవర్‌వోట్ ఉన్న కాగితాన్ని స్కానర్ హెచ్చరించి వెనక్కిచ్చేలా అమర్చిన చోట ఓటరు కొత్త కాగితం తీసుకుని సరిదిద్దుకోవచ్చు. తపాలా ఓటుకు ఆ అవకాశం లేదు. కేంద్రంలో తప్పులు తక్కువగా కనిపిస్తే అది పాఠం గొప్పతనమా, యంత్రం దయా అన్నది తేల్చాలి. తపాలా ఓట్లలోని తప్పులే పాఠానికి నిజమైన పరీక్ష.

అభ్యర్థుల ప్రచారం కూడా ఓటరుకు పాఠమే. 2021లో పోలింగ్‌కు మూడు రోజుల ముందు మరో మేయర్ అభ్యర్థి ఆండ్రూ యాంగ్ గార్సియాతో కలిసి తిరిగి, తన తర్వాత రెండో ర్యాంకు ఆమెకు ఇవ్వమని మద్దతుదారులను కోరాడు. 2025 మేయర్ ప్రైమరీలో అభ్యర్థులు జొహ్రాన్ మమ్దానీ, బ్రాడ్ ల్యాండర్ ఒకరికొకరు రెండో ర్యాంకు అడిగారు. ఇంకో అభ్యర్థి ఆండ్రూ క్యూమోను ఏ స్థానంలోనూ గుర్తించవద్దని విడిగా ఒక ఉద్యమమే నడిచింది. నగరం చేసిన ప్రచారం ఎంత పనిచేసింది, ఇవి ఎంత పనిచేశాయి? ర్యాంకుల వాడకం పెరిగిందన్న ఒక్క అంకెతో ఈ రెండూ విడిపోవు. అభ్యర్థుల ప్రచారం ర్యాంకులు ఎవరికి వెళ్లాలో నేర్పుతుంది. వృత్తం ఎలా నింపాలో అది అంతగా నేర్పదు. కాబట్టి నగరం పనిని కొలవడానికి ర్యాంకుల సంఖ్య కన్నా పొరపాటు గుర్తుల సంఖ్యే నికరమైన కొలబద్ద.

నింద ఎవరి మీద

విడివిడిగా కొలవకపోతే ఏమవుతుందో 2007 స్కాట్లాండ్ చూపింది. ఆ ఏడాది మే 3న స్కాటిష్ పార్లమెంటుకు, స్థానిక కౌన్సిళ్లకు ఒకేరోజు ఎన్నికలు పెట్టారు. కౌన్సిళ్లకు కొత్తగా అంకెలతో ప్రాధాన్య ఓటు వచ్చింది. పార్లమెంటుకు పాత పద్ధతిలోనే గుర్తు పెట్టాలి, కానీ ఇదివరకు రెండుగా ఉన్న కాగితాలను ఈసారి ఒకే కాగితంలో రెండు నిలువు వరుసలుగా అచ్చేశారు. దాదాపు 1,46,000 పార్లమెంటు ఓట్లు చెల్లకుండా పోయాయి. అనుమానం సహజంగానే కొత్త అంకెల విధానం మీదికి మళ్లింది. విడదీసి చూస్తే అంకెలతో ఓటు వేసిన కౌన్సిల్ బ్యాలెట్లలో చెల్లనివి రెండు శాతంలోపే. అసలు నష్టం జరిగింది జనానికి తెలిసిన పద్ధతిలోనే, కాగితం అమరిక మారిన చోట. ఆ ఎన్నికపై విచారణ తర్వాత వచ్చిన గౌల్డ్ నివేదిక తప్పును ముఖ్యంగా ఆ ఉమ్మడి కాగితం మీదే పెట్టింది. ఎంత ప్రచారం చేసినా సరిదిద్దలేని తప్పులు కొన్ని ఉంటాయి. వాటిని అచ్చువేసే ముందే, పదిమంది ఓటర్ల చేత నింపించి చూస్తే పట్టుకోవచ్చు.

చదువుకున్నవారికి పాఠం అక్కరలేదన్న భ్రమకు తెలంగాణలోనే జవాబు ఉంది. 2025 ఫిబ్రవరి 27న జరిగిన మెదక్-నిజామాబాద్-ఆదిలాబాద్-కరీంనగర్ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో పోలైన సుమారు రెండున్నర లక్షల ఓట్లలో 28 వేలకు పైగా చెల్లలేదు. అంటే దాదాపు 11 శాతం. ఓటర్లంతా డిగ్రీ ఉన్నవారే. అక్కడ వృత్తాలు ఉండవు. ఇచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్నుతో అభ్యర్థి పేరు ఎదురుగా 1 అని అంకె వేయాలి. టిక్కు పెడితే చెల్లదు, అక్షరాల్లో ‘ఒకటి’ అని రాస్తే చెల్లదు, 1 ఇద్దరికి వేసినా చెల్లదు, 1 లేకుండా 2, 3 వేసినా చెల్లదు. ఈ నాలుగూ నాలుగు వేర్వేరు పాఠాలు. టిక్కులు ఎక్కువైతే సాధారణ ఎన్నికల అలవాటు వదలలేదని అర్థం. రెండు చోట్ల 1 ఉంటే ప్రాధాన్యం అన్న భావనే చేరలేదని అర్థం. తిరస్కరించిన బ్యాలెట్లను కట్టలు కట్టేటప్పుడే కారణం వారీగా వేరు చేసి లెక్క రాసుకుంటే, తర్వాతి ఎన్నికకు ఏ వాక్యం పెద్ద అక్షరాల్లో రాయాలో తెలిసిపోతుంది. ఒక రోజు అదనపు పని, అంతే.

అమెరికా నగరాల్లో ఉండే తెలుగు ఓటర్లకు ఈ అనుభవం సగం మేలు, సగం ఇబ్బంది. ‘మొదటి ప్రాధాన్య ఓటు’, ‘ఎలిమినేషన్ రౌండ్’ అన్న మాటలు వారికి ముందే తెలుసు. ర్యాంకు అంటే ఒకటే అన్నిటికన్నా మేలన్నదీ తెలుసు. కానీ గడిలో అంకె వేసే అలవాటును వృత్తం నింపే కాగితం మీదికి తెచ్చుకుంటే స్కానర్‌కు అర్థం కాదు. ఏ భాషకు ఆ భాషలో ఇలాంటి చిక్కులు ఉంటాయి. ఐదు నక్షత్రాలిస్తే గొప్ప అని అలవాటైనవారు నచ్చిన అభ్యర్థిని ఐదో వరుసలో పెట్టే ప్రమాదం ఉంది. దీన్ని అనువాదకుడు ఇంట్లో కూర్చుని పట్టుకోలేడు. ఒక్కో భాషలో ఎనిమిది, పది మంది చేత నమూనా బ్యాలెట్ నింపించి, నింపుతూ ఏమనుకుంటున్నారో పైకి చెప్పమని అడగాలి. ముగ్గురు ఒకేచోట తడబడితే ఆ వాక్యం తిరగరాయాలి.

నమూనా ఎన్నికల గురించీ ఒక మాట. పండ్లకో ఐస్‌క్రీములకో ర్యాంకులు ఇప్పించడం ఎక్కడ చూసినా కనిపించే పద్ధతి. సరదాగా ఉంటుంది, బదిలీ ఎలా జరుగుతుందో బోర్డు మీద చూపిస్తే బాగా అర్థమవుతుంది. కానీ చాలాచోట్ల చేతులెత్తించో, పేర్లు వరుసగా రాయించో సరిపెడతారు. ఓటరు తప్పు చేసేది వరుస ఆలోచించడంలో కాదు, గడులలో నింపడంలో. అసలు బ్యాలెట్‌లో ఉన్నన్ని గడులు, అంతే సైజు వృత్తాలు, అదే రకం పెన్ను ఉన్న కాగితం మీద చేయించకపోతే ఆ అరగంట వృథా. ఆ కాగితాలను పారేయకుండా తీసుకుని తప్పులు లెక్కపెడితే, పోలింగ్‌కు నెల ముందే ఏ వాడలో ఏ తప్పు ఎక్కువో పట్టిక చేతికి వస్తుంది.

సమయం, డబ్బు

న్యూయార్క్ ఓటర్లు ఈ విధానాన్ని ఆమోదించింది 2019 నవంబర్‌లో. తగినంత అవగాహన లేదు, వాయిదా వేయండి అంటూ కొందరు కౌన్సిల్ సభ్యులు 2020 డిసెంబర్‌లో కోర్టుకెక్కారు. కోర్టు ఆపలేదు. నగర ప్రభుత్వం 1.5 కోట్ల డాలర్ల ప్రచారాన్ని ప్రకటించింది 2021 ఏప్రిల్ చివరిలో. ముందస్తు పోలింగ్ మొదలైంది జూన్ 12న. మధ్యలో మిగిలింది ఏడు వారాలకన్నా తక్కువ. ప్రకటించిన మొత్తాన్ని డెమోక్రాటిక్ ప్రైమరీలో పోలైన ఓట్లకు భాగిస్తే ఓటుకు సుమారు 16 డాలర్లు. ఈ సగటుతో ఏ నిర్ణయమూ చేయలేం. ఒక పద్ధతి వల్ల తగ్గిన ఒక్కో తప్పుకు ఎంత ఖర్చయిందన్నది కావాలి. అది తెలియాలంటే ఏ తేదీన, ఏ బూత్ పరిధిలో, ఏ భాషలో, ఎంతమందికి, ఏ పద్ధతిలో చెప్పారో రోజువారీగా నమోదు చేసి ఉండాలి. స్వచ్ఛంద సంస్థలకు డబ్బు ఇచ్చేటప్పుడే ఈ నమోదు పత్రాన్ని ఒప్పందంలో పెట్టకపోతే, తర్వాత అడిగితే ఎవరి దగ్గరా ఉండదు.

పోర్ట్‌లాండ్ 2024 నవంబర్‌లో ఇంకా కష్టమైన పని పెట్టుకుంది. మేయర్‌కు ఒక్కరిని, కౌన్సిల్‌కు డిస్ట్రిక్టుకు ముగ్గురిని ఎన్నుకోవాలి. కౌన్సిల్‌కు గెలుపు గీత 25 శాతం దాటడం. ఆరు ర్యాంకుల దాకా ఇవ్వవచ్చు. నాలుగు డిస్ట్రిక్టుల్లో 12 స్థానాలకు 98 మంది నిలబడ్డారు. బ్యాలెట్ పంపినవారిలో సుమారు ఐదుగురిలో ఒకరు కౌన్సిల్ పోటీని ఖాళీగా వదిలేశారు. దీన్ని విధానం అర్థం కాకపోవడంగా చదవడం తొందరపాటు. ఒకే డిస్ట్రిక్టులో 30 మంది అభ్యర్థులుంటే ఎవరెవరో తెలుసుకోవడమే పెద్ద పని. ఎలా నింపాలో తెలిసీ, ఎవరిని నింపాలో తెలియక వదిలేసినవారిని, ఎలా నింపాలో తెలియనివారిని సర్వేలో వేర్వేరుగా అడగాలి. మొదటివారికి కావలసింది అభ్యర్థుల పరిచయ పుస్తకం. వాళ్లకు ఇంకో ర్యాంకు వీడియో పంపినా ఉపయోగం లేదు.

లెక్కింపు కూడా పాఠంలో భాగమే

ఓటరు పాఠం పోలింగ్‌తో ముగిసిందనుకునే కార్యక్రమాలు అసలు గండాన్ని వదిలేస్తున్నట్టే. 2021 జూన్ 29న న్యూయార్క్ ఎన్నికల బోర్డు రౌండ్ల వారీ తాత్కాలిక ఫలితాన్ని ప్రకటించి, కొద్ది గంటలకే వెనక్కి తీసుకుంది. యంత్రాల పరీక్షకు వాడిన దాదాపు 1,35,000 నమూనా బ్యాలెట్లను తొలగించకుండా లెక్కలో కలిపేశారు. అది ర్యాంకుల విధానం తప్పు కాదు, గుమస్తా పని తప్పు. కానీ రౌండ్లు ఎందుకు, తపాలా ఓట్లు చేరాక వరుస ఎందుకు మారుతుంది అని ముందే చెప్పించుకోని ఓటరుకు ఆ తేడా కనబడదు. అందువల్ల ఫలితం తర్వాత రెండు వారాల్లో ఇంకో చిన్న సర్వే అవసరం. మొదటి రౌండ్లో ముందున్నవారు ఓడిపోవచ్చా, ఎందుకు? ఈ ప్రశ్నకు సరైన జవాబు చెప్పినవారి శాతం, ఎన్నికను నమ్ముతున్నామన్నవారి శాతం పక్కపక్కనే చూడాలి.

ఓక్లాండ్‌లో 2022 నవంబర్‌లో జరిగింది ఇంకా సూక్ష్మమైనది. పైన చెప్పిన నాలుగో రకం బ్యాలెట్, అంటే మొదటి వరుస ఖాళీగా ఉన్నది, అక్కడి నిబంధన ప్రకారం వెంటనే తర్వాతి పేరుకు లెక్కపడాలి. ఓక్లాండ్ ఓట్లను లెక్కించే అలమేడా కౌంటీ సాఫ్ట్‌వేర్‌లో ఆ సెట్టింగ్ సరిగ్గా పెట్టలేదు. ఆ బ్యాలెట్లు మొదటి రౌండ్లో లెక్కకు రాకుండా పక్కన నిలిచిపోయాయి. నాలుగో డిస్ట్రిక్టు స్కూల్ బోర్డు పోటీలో నిక్ రెస్నిక్ గెలిచినట్టు ధ్రువీకరణ కూడా అయిపోయింది. ప్రచురించిన ఓటు రికార్డులను బయటివారు తిరిగి లెక్కగట్టడంతో తప్పు బయటపడింది. డిసెంబర్ 28న కౌంటీ ఒప్పుకుంది. 2023 మార్చిలో కోర్టు మైక్ హచిన్సన్‌నే విజేతగా తేల్చింది. మొదటి వరుస ఖాళీగా వదిలిన కొద్దిమంది ఓటర్లను ఎవరూ పట్టించుకోకపోతే ఆ స్థానం వేరొకరి చేతిలోనే ఉండిపోయేది.

రికార్డులు ప్రచురించడంలోనూ ఒక జాగ్రత్త ఉంది. న్యూయార్క్ 2021 రికార్డులను బూత్ వివరంతో బయట పెట్టాక, కొద్దిమందే ఓటు వేసిన చిన్న బూత్‌లలో ఓటరు జాబితాతో జత కలిపి కొన్ని వందల మంది ఎవరికి వేశారో కనిపెట్టవచ్చని పరిశోధకులు చూపారు. అలాగని రికార్డులను దాచేయడం పరిష్కారం కాదు. ఒక నిర్ణీత సంఖ్యకన్నా తక్కువ బ్యాలెట్లున్న బూత్‌లను పక్క బూత్‌తో కలిపి ఇవ్వాలి, తపాలా, ముందస్తు, పోలింగ్ రోజు ఓట్ల విభజన అలాగే ఉంచాలి, సాఫ్ట్‌వేర్ తన నిబంధన వర్తింపజేయకముందు కాగితం మీద ఏ వృత్తాలు నిండి ఉన్నాయో ఆ ముడి రూపాన్నే ఇవ్వాలి. నిబంధన వర్తించాక ఇచ్చే ఫైలులో ‘క’కు ఐదు వృత్తాలు నింపిన బ్యాలెట్, ‘క’కు ఒక్క వృత్తమే నింపిన బ్యాలెట్ ఒకేలా కనిపిస్తాయి.